అమ్మ పలకని పేరు

ఉజ్బెకిస్తాన్‌లోని రిష్తాన్‌లో కుమ్మరి యోద్గోర్‌ను ఊరంతా పేరు పెట్టి పిలిచేది, కన్నతల్లి హాజర తప్ప.

తండ్రి పోయాక పుట్టిన మగబిడ్డకు ఉజ్బెకులు పెట్టుకునే పేరది. పోయినవాడి గుర్తుగా మిగిలినవాడని అర్థం. యోద్గోర్ కడుపులో ఉండగా తండ్రి యుద్ధానికి వెళ్లాడు. వెళ్లేముందు ఆనవాయితీ ప్రకారం రొట్టె ఒక్క ముక్క కొరికి ఇచ్చాడు. మిగతాది తిరిగొచ్చి తినాలి. హాజర దాన్ని గోడ మేకుకు తగిలించింది. ఆర్నెల్లకు చావు కబురు కాగితం వచ్చింది, ఆ వెనకే బిడ్డ పుట్టాడు. తాత బిడ్డ చెవిలో ఆ పేరు చెప్పాడు. హాజర మాత్రం, ఆ పేరు పలికితే మొగుణ్ణి తన నోటితో తనే పాతిపెట్టినట్టని మొండికేసింది. కాగితాలు అబద్ధం చెప్పవా అంది. కొడుకు ఆమెకు ‘అబ్బాయ్’ గానే ఉండిపోయాడు.

ఒకటా రెండా, నలభై ఏళ్లు! చిన్నప్పుడు తోటిపిల్లలు, మీ అమ్మ నీ పేరు మర్చిపోయిందిరా అని ఏడిపించేవాళ్లు. పెళ్లయ్యాక భార్య మవ్లూద, ఈ ఇంట్లో నీ పేరు నా ఒక్కదాని నోట్లోనే అరిగిపోతోందని వేళాకోళమాడేది. పైకి నవ్వేవాడు గాని, లోపల ఒకటే బెంగ. చేసిన ప్రతి నీలిగిన్నె అడుగునా పేరు రాసి, తల్లి చేతికి బోర్లించి మరీ ఇచ్చేవాడు. ఆవిడ ఆ అక్షరాలమీద వేలు పోనిచ్చి, పూత బాగా కుదిరింది అబ్బాయ్ అనేది. మహాతల్లి! ఒక్కసారి పిలిస్తే ఏం పోయింది?

ఆ వసంతంలో యోద్గోర్ కొడుకు సైన్యంలోకి బయల్దేరాడు. వాడూ రొట్టె కొరికిచ్చాడు. రెండో మేకు కొట్టడానికి యోద్గోర్ సుత్తి తెచ్చాడు.

“ఆగు,” అంది హాజర. “రానివాడి రొట్టె పక్కన రావలసినవాడి రొట్టె తగిలించకూడదు.”

ఆమె నోట ‘రానివాడు’ అన్న మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ వినలేదు. పీట ఎక్కి, రాయిలా బిగుసుకుపోయిన పాత రొట్టెను తనే దింపింది. దుమ్ము దులిపి, నీలిగిన్నెలో వేడి టీ పోసి నానబెట్టింది. మెత్తబడ్డాక గిన్నెను కొడుకు ముందుకు జరిపింది.

“యోద్గోర్, తినరా. మీ నాన్న వాటా.”

ఆ పిలుపు కోసమే బతుకంతా ఎదురుచూశాడు. తీరా విన్నాక అర్థమైంది. ఇన్నేళ్లూ అమ్మ అబ్బాయ్ అన్నంతకాలం, ఎక్కడో తనకొక నాన్న ఉన్నాడు. ఇంకొక్కసారి అలాగే పిలవమ్మా అని అడగాలనిపించింది. కానీ తల వంచుకుని ఆఖరి ముక్కదాకా తిన్నాడు.