ఆఖరి పది సెకన్లు చూడని బాబాయి

పోయిన నెల ఒక మంగళవారం ఆఫీసులో మీటింగు నడుస్తుండగా పిన్ని ఫోను చేసింది. మా పై ఫ్లాటు బాబాయి పోయారు. పిన్ని జర్మన్ మనిషి. విషయం జర్మన్‌లోనే రెండు ముక్కల్లో చెప్పింది. నేను కారిడార్‌లో నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నేర్చుకున్న తెలుగు మొత్తం రెండు మాటలు. ఒకటి "భోంచేశావా", ఇంటికి వచ్చినవాళ్ళని అడగడానికి. రెండోది "ఊరుకో", టీవీ ముందు కూర్చుని రిఫరీని తిట్టే మొగుణ్ణి ఆపడానికి. ఆ రోజు ఆ రెండో మాట నా మీద వాడింది.

బాబాయి అంటే రక్తసంబంధం కాదు. కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ పూర్తి చేశాక, అక్కడికి రైల్లో గంట దూరంలో ఉన్న ఈ చిన్న ఊళ్ళో గేర్ల కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. ఇల్లు మారిన రెండో ఆదివారం వెల్లుల్లి కారం దంచుతున్నాను. జర్మనీలో ఆదివారం చప్పుడు చేయకూడదన్న సంగతి కొత్త ఇంటి చిరునామా నమోదు చేయించే అన్‌మెల్డుంగ్ కాగితాల్లో ఎక్కడా రాసి లేదు. తలుపు కొట్టారు. తీస్తే, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకున్న ఒక పొట్టి పెద్దమనిషి. నేను జర్మన్‌లో క్షమాపణ వెతుక్కునేలోపు ఆయన గుంటూరు తెలుగులో మొదలుపెట్టారు.

"ఆదివారం దంచకూడదోయ్. పైదాకా వినపడుతోంది."

"సారీ అండి. తెల్వదు."

ఆయన ముక్కు ఎగబీల్చారు. "వెల్లుల్లి కారమేనా?"

"అవునండి."

"అయితే ఆ మిగతా నాలుగు దెబ్బలూ వేసెయ్. ఒక గిన్నెలో కాస్త పెట్టివ్వు. కంప్లయింటు సంగతి తర్వాత చూద్దాం."

ఆ కంప్లయింటు ఇంతవరకూ రాలేదు. నాది కరీంనగర్. మా వైపు పద్ధతిలో "కాకా" అని పిలవబోతే, ఆ పిలుపు తనకు అలవాటు లేదని, బాబాయ్ అనమని చెప్పారు. అలా ఆవిడ పిన్ని అయింది. నన్ను మాత్రం "ఒరేయ్ కరీంనగర్" అని ఊరి పేరుతోనే పిలిచేవారు.

బెర్లిన్ గోడ పడకముందే, ఈ ఊరి యంత్రాల ఫ్యాక్టరీలో శిక్షణకని వచ్చి ఉండిపోయిన మనిషి ఆయన. తర్వాత ఫ్యాక్టరీ మూతపడితే బస్సు నడిపారు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. అలాంటి మనిషికి బాస్కెట్‌బాల్ పిచ్చి ఏమిటని అడిగాను. వచ్చిన కొత్తలో ఒక శనివారం చలికి తట్టుకోలేక, ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడికి దూరదామని వెళితే ఆ హాలు కనిపించిందట.

"లోపల ఫ్యాక్టరీ జట్టు ఓడిపోతోంది. చూసేవాళ్ళు పట్టుమని ముప్ఫైమంది లేరు. పాపం అనిపించి కూర్చున్నాను. గెలిచేవాళ్ళకి మనమెందుకురా? ఓడిపోయేవాళ్ళకే మనుషులు కావాలి."

ఆ పాపం అనిపించడం నలభై ఏళ్ళు సాగింది. ఫ్యాక్టరీ పోయినా జట్టు మిగిలింది. కింది లీగుల్లో పడుతూ లేస్తూ, ఎవరూ ఊహించని విధంగా పై లీగుకు చేరింది. చేరి, అక్కడ మళ్ళీ ఓడిపోవడం మొదలుపెట్టింది. పెద్ద ఊళ్ళ క్లబ్బులు వద్దన్న ఆటగాళ్ళని తెచ్చుకోవడం, వాళ్ళు కాస్త బాగా ఆడగానే మళ్ళీ ఆ క్లబ్బులకే పోగొట్టుకోవడం మా వాళ్ళ పద్ధతి. "పోయేలోపు వీళ్ళు ఒక్కసారి కప్పు ఎత్తితే చూసి పోతానురా," అనేవారు బాబాయి. ఈ మాట నవ్వకుండా అనేవారు.

నాకు తెలిసిందల్లా క్రికెట్. మొదటిసారి ఆయన ఇంట్లో మ్యాచ్ చూడటానికి కూర్చున్నప్పుడు మా వాళ్ళు బాగా వెనకబడి ఉన్నారు. మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. వరసగా మూడు బాస్కెట్లు పడ్డాయి. తిరిగి వచ్చి కూర్చున్నాను. అవతలివాళ్ళు మొదలుపెట్టారు. బాబాయి నా వైపు, టీవీ వైపు, మళ్ళీ నా వైపు చూశారు.

"ఒరేయ్ కరీంనగర్, ఒకసారి వంటింట్లోకి వెళ్ళు."

"మంచినీళ్ళు తాగిన గద బాబాయ్."

"ఇంకో గ్లాసు తాగు."

ఆ సాయంత్రం ఏడు గ్లాసులు తాగాను. మ్యాచ్ గెలిచాం.

ఇంకొకడైతే ఇదేం పిచ్చి అని లేచిపోయేవాడు. నేను పోలేదు. మా ఇంట్లో వన్డే చూసేటప్పుడు మనవాళ్ళు బాగా ఆడుతుంటే ఎవరు ఎలా కూర్చుంటే అలాగే ఉండాలి. ఒకసారి మా నాన్న చివరి పది ఓవర్లు ఒక కాలికి చెప్పుతో నిలబడ్డాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి వంటింట్లో నిలబడటం ఒక లెక్కా? పైగా సెంటిమెంట్ అని నేను అంటే బాబాయికి కోపం వచ్చేది.

"సెంటిమెంట్ మీ క్రికెట్ వాళ్ళకి. నేను వెంట్రుకవాసి తేడా కొలిచి పట్టుకున్న మెషినిస్టుని. మూడుసార్లు ఒకేలా వస్తే అది కొలత. ఇది అబ్జర్వేషన్."

ఆ అబ్జర్వేషన్ రెండేళ్ళు నడిచింది. వంటింటి నుంచి మెట్ల మీదికి, అక్కడి నుంచి కింద అందరి వాషింగ్ మెషిన్లూ ఉండే వాష్‌కెల్లర్‌కి నా స్థానం దిగుతూ పోయింది. నేను ఎంత దూరంలో ఉంటే అంత మంచిదని కొలతలో తేలిందట. ఊళ్ళో మ్యాచ్ అయితే నాకు టికెట్టు కొనిచ్చి, హాల్లోకి కాకుండా బయట సాసేజీలు అమ్మే చోట నిలబెట్టేవారు. ఆ సాసేజీల ఆవిడ నాలుగు వారాలు చూసి, ఏం తప్పు చేస్తే నిన్ను లోపలికి రానివ్వడం లేదని జాలిగా అడిగింది. నేను లోపలికి వెళితే మనం ఓడిపోతామని చెప్పాను. ఆవిడ నాకొక కుర్చీ తెచ్చి వేసింది.

అక్కడ కూర్చుని కూర్చుని నాకొక విద్య పట్టుబడింది. గోడ అవతలి చప్పుడు విని లోపలేం జరుగుతోందో చెప్పేయగలను. మనవాళ్ళు ఫ్రీ త్రో వేసేటప్పుడు హాలంతా ఊపిరి బిగపడుతుంది, అవతలివాళ్ళు వేస్తుంటే ఈలలు, డప్పులు. దూరం నుంచి వేసిన బంతి పడితే ముందు ఒక్క క్షణం ఏమీ ఉండదు, ఆ తర్వాత కుర్చీలన్నీ ఒకేసారి లేచిన చప్పుడు. జట్టులో ఒక్కడి మొహమూ నాకు సరిగ్గా తెలియదు గానీ, ఆట మొత్తం చెవులకు తెలుసు. నిజం చెప్పాలంటే ఒక్కసారైనా బాబాయి పక్కన కూర్చుని చూడాలని నాకు బాగా ఉండేది. సరిగ్గా ఆ సమయానికే మా వాళ్ళు గెలవడం మొదలుపెట్టారు. ఇక అడగడానికి మొహం చెల్లలేదు.

నిరుడు వేసవిలో ఫైనల్‌కు చేరారు. దేశంలోని పెద్ద క్లబ్బుతో అయిదు మ్యాచ్‌లు. చెరి రెండు గెలిచాక, అయిదోది వాళ్ళ ఊళ్ళో. ఎవరింట్లో వాళ్ళు టీవీలు పెట్టుకున్నారు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. బాబాయి పొద్దున్నే నన్ను వాష్‌కెల్లర్‌కు తీసుకెళ్ళి, ఎక్కడ కూర్చోవాలో బట్టల బుట్ట బోర్లించి చూపించారు. ఫోను మాత్రం తీసేసుకున్నారు.

సాయంత్రం అక్కడ ఒక్కడినే కూర్చుని చిన్న కిటికీ గుండా పై నుంచి వచ్చే చప్పుడు వింటున్నాను. రెండో అంతస్తువాళ్ళది కేబుల్. బాబాయి వాళ్ళది ఇంటర్నెట్, అర నిమిషం వెనక నడుస్తుంది. అందుకని ప్రతి బాస్కెట్టూ నాకు రెండుసార్లు వినపడేది. చివరికి వచ్చేసరికి పైన మాటలు ఆగిపోయాయి. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. బాబాయి వచ్చి, ఇంకో బుట్ట బోర్లించి నా పక్కన కూర్చున్నారు.

"ఏమైంది బాబాయ్? అయిపోయిందా?"

"పది సెకన్లుంది. ఒక్క పాయింటు వెనక. బంతి మనదే. టైమవుట్ తీసుకున్నారు."

"మరి నువ్వు కిందికెందుకు వచ్చినవ్?"

"ఇప్పుడే తట్టిందిరా. నువ్వొచ్చి నాలుగేళ్ళు కూడా కాలేదు. వీళ్ళు నలభై ఏళ్ళుగా ఓడిపోతున్నారు. ఆ ఓడిపోయిన ప్రతి మ్యాచ్‌కీ అక్కడ ఉన్నది ఎవరు? నేను."

రెండేళ్ళు నన్ను నేలమాళిగలో పెట్టిన కొలత తప్పని మెషినిస్టు తానే ఒప్పుకుంటున్నాడు. ఇంతలో రెండో అంతస్తులో ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కుర్చీలు ఒకేసారి లేచాయి.

"గెలిచినం బాబాయ్."

"చూడకుండా ఎలా చెప్తావు?"

"నా చెవులు చెప్తున్నయ్. పైకి ఉరుకు, నీ టీవీల ఇంకా కాలే. ఇప్పుడు పోతే దొరుకుతది."

బాబాయి లేవబోయి, మళ్ళీ కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దురా. వెళ్ళి నేను చూస్తే ఏమవుతుందో."

"అయిపోయినదాన్ని ఎట్ల చెడగొడ్తవ్?"

"నీకు తెలీదు. నాకు నలభై ఏళ్ళ అనుభవం."

అర నిమిషం అలాగే చెయ్యి పట్టుకుని కూర్చున్నాం. పైన పిన్ని కేక వినపడ్డాక గానీ వదల్లేదు. అప్పుడు స్వెట్టరు చేతితో మొహం కప్పుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పక్కన ఎవరిదో వాషింగ్ మెషిన్ తిరుగుతూనే ఉంది.

మర్నాటి నుంచి ఆయన ఊరంతా ఆ ఆఖరి బాస్కెట్టు గురించి చెప్పడం మొదలుపెట్టారు. బేకరీలో, బస్టాపులో, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు కోసం వెళ్ళినచోట కూడా. సగం కోర్టు దూరం నుంచి వేశాడని, వల కూడా కదలకుండా పడిందని. వారం వారం ఆ దూరం ఒక అడుగు పెరిగేది. ఆయన చూడలేదన్న సంగతి నాకూ పిన్నికీ మాత్రమే తెలుసు. పిన్ని ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత ఎప్పుడూ ఆ రికార్డింగు ఆయన పెట్టనివ్వలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నానంటే, బేకరీవాళ్ళకి తెలుగు రాదన్న ధైర్యం.

చలికాలంలో గుండెకు ఆపరేషన్ అయింది. అయిదు గంటలూ బయట కారిడార్‌లో నిలబడ్డాను. కళ్ళు తెరిచాక, "వాడు బయటే ఉన్నాడా?" అని పిన్నిని అడిగారట. ఉన్నాడని ఆవిడ చెబితే, "చూశావా మరి," అన్నారట. నన్ను బయట నిలబెట్టడం ఆయన ఇంకా మానలేదు.

పోయిన నెల మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారు. నేను అలవాటు ప్రకారం గది గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"ఎంతసేపురా అక్కడ? లోపలికి రా."

"నేను బయటుంటేనే మంచిది గద బాబాయ్."

"ఈ మ్యాచ్ సంగతి డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు. నువ్వెక్కడున్నా ఒకటే. వచ్చి కూర్చో."

వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. "ఫోను తియ్యి. ఆ పది సెకన్లు పెట్టు," అన్నారు. నిజంగానా అన్నాను. "ఇంక ఆ కప్పు వెనక్కి ఎవడు తీసుకుంటాడు?" అన్నారు.

ఇద్దరం మొదటిసారి పక్కపక్కన కూర్చుని చూశాం. అది సగం కోర్టు నుంచి వేసింది కాదు. మా వాడు కాలు జారి పడిపోతూ దగ్గర నుంచి విసిరాడు. బంతి రింగుకు కొట్టుకుని పైకి లేచి, మళ్ళీ రింగు మీదే పడి, అటూ ఇటూ పొర్లి, ఇష్టం లేనట్టు లోపలికి జారింది. ఇంతకంటే వికారమైన బాస్కెట్టు నేను చూడలేదు. బాబాయి అయిదుసార్లు పెట్టించుకున్నారు.

"నేను చెప్పిందే బాగుందిరా," అన్నారు చివరికి.

"అవును బాబాయ్."

"అదే ఉంచు. ఎవరడిగినా అదే చెప్పు."

మూడో రోజు పోయారు.

పిన్ని ఆయన సీజన్ టికెట్టు నా చేతిలో పెట్టింది. మొన్న శనివారం కొత్త సీజన్‌లో ఊళ్ళో మొదటి మ్యాచ్. ఆయన సీట్లో కూర్చున్నాను. ఆటగాళ్ళ మొహాలు చూస్తే అందరూ కొత్తవాళ్ళలా ఉన్నారు, కళ్ళు మూసుకుంటే అంతా తెలిసిన ఆటే. చివరికి వచ్చేసరికి ఒక్క పాయింటు వెనక, బంతి మాది, పది సెకన్లు, టైమవుట్. లేచి, అందరి మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి వచ్చేశాను. ఓడిపోతామన్న భయంతో కాదు. నిరుడు ఫైనల్లో ఆ పది సెకన్లూ మేమిద్దరం బయటే ఉన్నాం.

సాసేజీల ఆవిడ నన్ను చూసి కుర్చీ తెచ్చింది. కాస్త ఆగి, ఇంకొకటి కూడా తెచ్చి పక్కన వేసింది. లోపల ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కుర్చీలన్నీ ఒకేసారి లేచాయి. ఏం జరిగిందో నాకు తెలుసు. ఏమైందిరా అని అడుగుతారేమోనని ఆ పక్క కుర్చీ వైపు చూస్తూ ఇంకాసేపు కూర్చున్నాను.