ఇడిసొచ్చిన కోడలు

స్నేహితురాలి ఊరికి పోదామని నారాయణఖేడ్ బస్టాండులో మనూర్ బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక అమ్మాయి ఫోన్‌లో జర్మన్ మాటలు విని వల్లె వేస్తోంది. నర్సింగ్ పూర్తయిందట, జర్మనీలో ఉద్యోగానికి పోతుందట. నేనూ నర్సునే, అక్కడ పనిచేసి వచ్చానని చెప్పగానే వాళ్ళ నాన్న నా వైపు తిరిగాడు. ఆ చూపులో సంతోషం లేదు.

“నువ్వు గూడ ఏజెంటేనా?”

కాదన్నాను. మంచి దేశమనీ, నర్సు పనికి గౌరవం ఉంటుందనీ చెప్పాను. ఆయన నా బ్యాగునూ చెప్పులనూ చూస్తూ విన్నాడు.

“ఏజెంటు గూడ గిదే చెప్పిండు. మేం పిల్లనిచ్చే ముందు ఆ ఇంట్ల ఉన్న కోడల్ని అడగం బిడ్డా. ఇడిసొచ్చిన కోడలుంటే ఆమెను అడుగుతం. గంత మంచిగుంటే నువ్వెందుకు వాపసొచ్చినవ్?”

మా కాకినాడలో అందరికీ చెప్పే జవాబే ఆయనకూ చెప్పాను. “అక్కడి నీళ్ళు పడలేదు.”

అమ్మాయి ఫోన్ ఆపేసింది. ఆయన తువ్వాలతో నిదానంగా మొహం తుడుచుకున్నాడు.

“మా చెల్లె అత్తగారిల్లు ఇడిసొచ్చిన నాడు గూడ నీళ్ళు పడలేదనే చెప్పింది.”