ముఖాల్లో వాసన

గల్ఫ్‌లో, బుదైయాలోని ఆ విల్లాలో వంటచేసే జీవమ్మకు కరోనా వచ్చి పోయినప్పటి నుంచి వాసన తెలియదు. ఆ సంగతి మేడమ్‌కు చెప్పలేదు. గిన్నె మూత తీసి ఎవరి ముందైనా పెట్టి, ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ వాళ్ల ముఖం చూస్తుంది. కనుబొమలు ముడిపడితే మాడినట్టు, కళ్లు వాలితే కుదిరినట్టు. అక్టోబరు వస్తే మేడమ్‌కు గుమ్మడికాయ కేకు కావాలి. ఈసారి అందులో వేసే మసాలా సీసా ఖాళీ. ఉన్నవాటితో నువ్వే చేసెయ్యమని చెప్పి, మేడమ్ స్నేహితులను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లింది. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగాలు దంచి, పొడిని ముక్కు దగ్గర పెట్టుకుంది జీవమ్మ. గోడను వాసన చూసినట్టే ఉంది. ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు లవంగాలు దంచి కలిపింది.

కేకు ఓవెన్‌లో పొంగుతుండగా, మంచినీళ్ల కోసం వచ్చిన తోటమాలి లింగన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. కళ్లు మూసుకుని గుండెనిండా పీల్చాడు. ముఖమంతా వెలిగిపోయింది. తన వంటకు అలా వెలిగిన ముఖాన్ని ఆమె ఈ ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

"బాగా కుదిరిందా లింగన్నా?"

"మస్తు కుదిరిందక్కా. అచ్చం మా ఇంట్ల బగార అన్నం వాసనే."

బయట మేడమ్ కారుకు గేటు తెరుచుకుంది. జీవమ్మ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూనే ఉంది.