గంగమ్మ మీద బూట్లు

నాగలాపురం కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినప్పుడు, ఏరు దాటాల్సిన చోట మా మేనత్త కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టింది. తిరుచానూరులో పుట్టి, తిరుమల మెట్లు ఎప్పుడెక్కినా వట్టి కాళ్లతోనే ఎక్కిన మనిషి.

"విప్పొద్దత్తా. అన్నీ పాచి పట్టిన రాళ్లు. జారితే కాలు విరుగుతుంది," అన్నాను.

"గంగమ్మను బూట్లతో తొక్కేదా అమ్మీ? నా వల్ల కాదు."

మా వైపు పారే నీళ్లేవైనా గంగమ్మే. నాకు మాత్రం ఒళ్లు మండింది. ముందురోజు వాన పడింది. నీళ్లు వెడల్పుగా పరుచుకుని నెమ్మదించిన చోటు వెతికి వెతికి పట్టుకున్నాం, అక్కడా మోకాళ్ల దాకా ఉన్నాయి. భక్తికి ఇది సమయం కాదని గట్టిగానే అన్నాను.

అత్త బూట్ల తాళ్లు మళ్లీ బిగించుకుంది. వంగి నీళ్లను తాకి, ఎవరికైనా కాలు తగిలినప్పుడు చేసినట్టే, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది.

"తల్లీ, కాలు తగలతాది. ఏమీ అనుకోవద్దు."

పడితే వీపు మీది బ్యాగు వదిలించుకోవడానికి వీలుగా దాని నడుం పట్టీలు విప్పుకున్నాం. నీళ్లు వచ్చే వైపు ముఖం పెట్టి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చేతికర్ర కుదురుకున్నాకే అడుగు జరుపుతూ అడ్డంగా దాటాం. మధ్యలో జారింది నేను. ఆపింది ఆమె చెయ్యి.

అవతలి గట్టున ఆమె బూట్లు విప్పింది. నిండా నీళ్లు. అక్కడే ఒంపెయ్యకుండా ఏటి దాకా నడిచి అందులో వంచింది.

"ఆమెవి ఆమెకే ఇచ్చేసినాను," అంది. "తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అడగాల గదా."