ఊదుబత్తి చదువు

మెట్రిక్ పరీక్షకు ముందురోజు వేపమండలతో దెబ్బలు తిన్న విద్యార్థి మొత్తం నైజాం రాజ్యంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. నవ్వండి, పరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

చౌటుప్పల్ దగ్గరి మా పల్లె నుంచి పరీక్ష కోసం భువనగిరి వచ్చి, మల్లమ్మవ్వ ఇంట్లో ఓ గది కిరాయికి తీసుకున్నాను. ఆ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. పుస్తకాలు ఉర్దూలో, బెంగ తెలుగులో. ఈసారి తప్పితే చదువు మాన్పించి నాగలి పట్టిస్తానని బాపు ముందే చెప్పాడు.

"ఏకబిగిన సదువకురా, బుర్ర మొద్దువారుతది. జరసేపు సదువు, జరసేపు ఆగు," అన్నారు బయల్దేరేటప్పుడు మా ఊరి సారు. గడియారం కొనే తాహతు లేదు గనుక ఊదుబత్తి వెలిగించాను. అది కాలినంతసేపు చదువు, ఆరగానే విరామం. ఎంత తెలివో చూడండి!

చదువు బాగానే సాగింది. చిక్కంతా విరామంతోనే. ఆ కాసేపు ఏం చేయాలి? మాట్లాడడానికి మనిషి లేడు, గోడ ఉంది. "తిన్నవా?" అని దాన్నే అడిగేవాణ్ణి. "తిన్న. మరి నువ్వు?" అని గోడ తరఫున గొంతు మార్చి నేనే చెప్పేవాణ్ణి. రానురాను గోడ నాకంటే ఎక్కువ మాట్లాడసాగింది.

తలుపవతల నుంచి మల్లమ్మవ్వ అంతా విన్నది. పొద్దస్తమానం ఊదుపొగ, మనిషి లేకుండా మాటలు. ఇంకేముంది! పరీక్షకు ముందురోజు పొద్దున్నే భూతవైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"ఎవరు నువ్వు? ఈ పిలగాన్ని ఎందుకు వట్టినవ్?" అంటూ అతను వేపమండతో రెండు తగిలించాడు.

"అయ్యో, నేను నేనే! ఊదుబత్తి ఆరినంకనే మాట్లాడుత, గంతే!"

"ఇన్నవా మల్లమ్మా? ఊదుబత్తి ఆరంగనే ఒస్తదంట!" మరో రెండు తగిలాయి.

"కొట్టకు! నిజం చెప్త!"

"చెప్పు. ఎవరితోని మాట్లాడ్తున్నవ్?"

"ఎవ్వరితోని లేదు," అన్నాను. ఏడుపు ఆగలేదు. "ఎవ్వరు లేకనే మాట్లాడ్తున్న."

వేపమండ కిందికి దిగింది. మల్లమ్మవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. "నేను సచ్చిపోయిన్నా బిడ్డా? ఒక్క కేక పెడ్తె రానా?"

ఆ రోజంతా ఆమె నా గదిలోనే కూర్చుంది. తన పెళ్ళి, బర్రె ఈనిన ముచ్చట, కోడలి నోరు, అన్నీ చెప్పింది. "అవ్వా, జర సదువుకుంట," అనబోయి మానేశాను. ఎన్నాళ్ళకో ఒక మనిషి గొంతు విన్నాను మరి! ఊదుబత్తి వెలిగించనే లేదు. విరామం దీపాలు పెట్టేదాకా సాగింది.

పరీక్ష తప్పాను. బాపు అన్నమాట ప్రకారం నాగలి చేతికిచ్చాడు. చెలకలో ఎద్దులు ఆగిన చోటల్లా నాకు విరామమే, కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. అక్కడే నిలబడి, సూర్యుడి వైపు తిరిగి ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో మళ్ళీ గోడతో మాట్లాడనంటే మాట్లాడను!

"మంచి పని చేసినవ్," అన్నది ఎడమవైపు ఎద్దు.