ముందు సీట్లో లేచిన చేతులు

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. పన్నెండేళ్లు పత్తి లారీ తోలినవాణ్ణి. టైరు పంక్చరైతే సమాధుల గట్టు మీదే కూర్చుని బీడీ కాల్చుకున్నాను. పోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు గానీ రోడ్ల మీద ఉండరని మా పాస్టరు గారు చెప్పేవారు. నాకూ అదే సబబుగా తోచేది. ఇప్పుడు చెప్పబోయేది దెయ్యం సంగతి అని కూడా నేను అనను. ఏమనాలో తెలియదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఎనభైల నడిమి మాట. మాది దర్శి. మా పాప పోయిన మరుసటి ఏడు లారీ పని మానేసి, టాక్సీకి తిప్పుకుందామని ఒక పాత అంబాసిడర్ కొన్నాను.

పాప పేరు గ్రేసు. నాలుగేళ్లది. పచ్చకామెర్లు వచ్చాయి. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. అప్పుడు నేను లోడుతో ఎక్కడో దూరాన ఉన్నాను. కబురంది నేను వచ్చేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆపుకున్నానని కాదు, రాలేదంతే. నా భార్య సుగుణ కూడా మాటలు తగ్గించేసింది. వండేది, తినేవాళ్లం, పడుకునేవాళ్లం, తెల్లారితే లేచేవాళ్లం.

కారు మంగళగిరిలో ఒక మిర్చి వ్యాపారిది. మధ్యవర్తి ద్వారా కొన్నాను. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి. ముందు అద్దానికి ఎడమవైపు, అడుగున, లోపలి పక్క ఒక దేవుడి బొమ్మ కాగితం అంటించి ఉంది. ఎవరి నమ్మకం వాళ్లదని నేను దాని జోలికి పోలేదు.

ఎండాకాలం వచ్చేసరికి ఆ కాగితం అంచులు లేచాయి. ఒక ఆదివారం ప్రార్థన అయిపోయి ఇంటికొచ్చాక సుగుణ తడిగుడ్డతో అద్దం తుడుస్తుంటే అది ఊడి చేతిలోకి వచ్చింది.

"ఏవయ్యా, ఇట్టా రా ఒకసారి" అని పిలిచింది.

కాగితం ఉన్నచోట అద్దం పగిలి ఉంది. అరచెయ్యంత మేర, సాలెగూడులా. బయటినుంచి చెయ్యి పెడితే నున్నగా ఉంది. లోపలినుంచి పెడితే గరుకుగా తగిలింది. మోసపోయానని కోపం రావాలి. అదీ రాలేదు. మర్నాడు తెలిసిన మెకానిక్కు మస్తాన్ దగ్గరికి తీసుకెళ్లాను.

మస్తాన్ సీట్లో కూర్చుని, ముందుకు వంగి చాలాసేపు చూశాడు. "ఇది రాయి దెబ్బ కాదన్నా. లోపల్నించి తగిలింది. తల" అన్నాడు. అద్దం అడుగు నుంచి జానతో కొలిచి, "పెద్దోళ్ల తల ఇంత కిందకి రాదు. పిల్లో పిల్లాడో అయ్యుంటారు" అన్నాడు.

ఆ పగుళ్ల మధ్య ఒక వెంట్రుక ఇరుక్కుని ఉంది. సన్నగా, జానెడు పొడవు. నేను కళ్లారా చూశాను. మస్తాన్ గోటితో లాగబోయి ఎందుకో మానేశాడు. రెండు పొరల అద్దం, వెంటనే ఊడి పడేది కాదు, తీరిగ్గా మార్పిద్దాంలే అన్నాడు. సరేనన్నాను.

ఆ వారంలోనే మొదటిది జరిగింది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఒంగోలు వెళ్లాలని ఎక్కి, వెనక సీట్లో ఊపిరాడదని ముందు కూర్చుంది. పొదిలి రోడ్డు మీద గేదె అడ్డమొస్తే బ్రేకు వేశాను. ఆవిడ కుడిచెయ్యి చటుక్కున తన ముందుకు చాచింది. బస్సులో తల్లులు ఒళ్లోని పిల్లలు పడిపోకుండా అడ్డం పెడతారే, అలా. బండి ఆగాక కూడా చెయ్యి దించలేదు.

"ఏంటమ్మా?" అన్నాను.

"ఏమో నాయనా, పాప పడిపోతుందేమోనని..." అని ఖాళీగా ఉన్న ఒళ్లోకి చూసుకుని, చెయ్యి దించుకుంది.

పెద్దావిడ కదా, మనవరాలు గుర్తొచ్చిందేమో అనుకున్నాను. తర్వాత ఒక పొగాకు బయ్యరు. మొరటు మనిషి, పెళ్లిపెటాకులు లేనివాడు. అతనూ బ్రేకు వేయగానే అలాగే చెయ్యి అడ్డం పెట్టాడు. అదే ఎత్తులో. "చెయ్యి దానంతటదే లేచిందయ్యా" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఆ తర్వాత ఒక కానిస్టేబులు. ఆ తర్వాత పెళ్లికి వెళ్తున్న ఆసుపత్రి నర్సమ్మ. వీళ్లలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఎవరూ అలా చేయలేదు. అద్దం మీద కాగితం ఉన్నన్నాళ్లు ముందు కూర్చున్నవాళ్లు కూడా అలా చేసినట్టు నాకు గుర్తులేదు.

భయమేసిందా అని అడుగుతారు. లేదు. చూశాను, బండి నడిపాను, అంతే. సుగుణకు మాత్రం చెప్పలేదు.

ఒకరోజు సుగుణ వాళ్లక్కను చూసి వద్దామని ఇద్దరం నరసరావుపేట బయల్దేరాం. సుగుణ ముందు కూర్చుంది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎదురుగా ఎడ్లబండి మలుపు తిరుగుతుంటే బ్రేకు తొక్కాను. కొంగు వదిలేసి ఆమె చెయ్యి ముందుకు లేచింది.

మిగతావాళ్లు కాసేపటికి చెయ్యి తీసేశారు, ఆమె తీయలేదు. ఊరు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

"మెల్లగా పోనియ్. పాప ఉంది" అంది.

ఆ రోజు నుంచీ ఆమె పనులు మానేసింది. పొద్దున లేవగానే వెళ్లి బండిలో కూర్చునేది. బేరం వస్తే బతిమాలి దింపాల్సి వచ్చేది. బేరానికి వెళ్లి వచ్చేసరికి వాకిట్లో నిలబడి ఉండేది. ఒళ్లు సగమైంది. అద్దం మార్పిస్తానని ఒకసారి అన్నాను. "అద్దం ముట్టుకున్నావంటే నేను ఇంట్లో ఉండను" అంది. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది.

ఇక లాభం లేదని ఆమెనే వెంటబెట్టుకుని మంగళగిరి వెళ్లాను. అద్దం అంతలా పగిలిందంటే ఆ పిల్ల బతికి ఉండదనే అనుకున్నాను. ఆ బండిలో చచ్చిపోయింది వేరేవాళ్ల పిల్ల అని తెలిస్తే, మన గ్రేసు కాదని ఈమెకు అర్థమవుతుందని నా ఆలోచన.

వ్యాపారి వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అద్దం సంగతి ఎత్తగానే మొహం మాడ్చుకున్నాడు. "కొనేటప్పుడు చూసుకోవాల్సింది. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

"గొడవకి రాలేదండి. అందులో పోయిన పిల్ల ఎవరో చెప్తే చాలు" అన్నాను.

ఆయన పేపరు కింద పెట్టాడు. "పోవడమేందయ్యా! అపశకునం మాటలు" అని లోపలికి తిరిగి, "పద్మా, ఇటు రామ్మా" అని కేకేశాడు.

పద్నాలుగేళ్ల పిల్ల, లంగా ఓణీతో, తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చింది. నుదుటి మీద, జుట్టు మొదట్లో, తెల్లటి మచ్చ ఉంది.

ఎనిమిదేళ్ల కిందట చిలకలూరిపేట దగ్గర ఎడ్లబండి అడ్డమొచ్చిందట. పిల్ల ముందు సీటు దగ్గర నిలబడి ఉంది. ఆయన బ్రేకు తొక్కాడు. "తల అద్దానికి కొట్టుకుంది. నాలుగు కుట్లతో సరిపోయింది. నా బిడ్డను బయటికి పడకుండా ఆపిందని ఆ అద్దం మార్చలేదయ్యా. దేవుడి బొమ్మ అంటించాను. చెబితే కొనరని నీకు చెప్పలేదు. అది తప్పే" అన్నాడు.

సుగుణ ఆ పిల్ల వంకే చూస్తోంది.

"అద్దం కాదు నాన్నా. చేతులు" అంది పద్మ.

"మళ్లీ మొదలెట్టావా?" అని విసుక్కుని ఆయన నాతో, "బండిలో నేనూ అదీ తప్ప పిట్ట కూడా లేదండి" అన్నాడు.

నేను చేతుల సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మస్తాన్‌కి గానీ, పాస్టరు గారికి గానీ, ఎవరికీ.

"ఎవరి చేతులమ్మా?" అని అడిగాను.

"తెలీదండి. ఒకటి కాదు, చాలా. నా పొట్టకి అడ్డంగా పట్టుకున్నాయి. అయినా తల తగిలింది. అవి లేకపోతే అద్దంలోంచి అవతల పడేదాన్ని" అంది.

సుగుణ లేచి ఆ పిల్ల ముందుకెళ్లి తన కుడిచెయ్యి చాచింది. "వాటిల్లో ఇది ఉందా, చూడమ్మా" అంది.

పద్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. తమాషా అనుకోలేదు. శ్రద్ధగానే చూసింది. "గుర్తులేదత్తా. చిన్నదాన్ని కదా. గట్టిగా పట్టుకున్నారు, అదొక్కటే తెలుసు" అంది.

సుగుణ ఆ మచ్చ మీద వేళ్లు పెట్టింది. పిల్ల కదలకుండా నిలబడింది. వాళ్లమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే తాగి వచ్చేశాం.

తిరుగు దారిలో సుగుణ ముందు సీట్లోనే కూర్చుంది. గుంటూరు దాటాక అంది, "ఎవరో ఒకరి పిల్లన్నా దక్కింది."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పాప పోయిన ఏడాదిన్నరకి. బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. సుగుణ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఆ తర్వాత ముందు సీట్లో ఎంతమంది కూర్చున్నా, ఎన్ని బ్రేకులు వేసినా, ఎవరి చెయ్యీ లేవలేదు. ఎనిమిదేళ్ల కిందటి దెబ్బకి, నిన్నా మొన్నా లేచిన చేతులు ఎలా అడ్డం పడతాయి? ముందుది ముందూ వెనకది వెనకా అని నేర్చుకున్న బుర్రకి ఇది ఎక్కదు. పాస్టరు గారిని అడిగితే ఆయన, ప్రార్థన చేద్దాం అన్నారు. సుగుణ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నేను మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను, తేలలేదు.