కన్ను లేని చేప

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను దేన్నయినా పెంచి చెబుతాను. చీమ కుడితే ఏనుగు తొక్కిందంటాను. మీరే తగ్గించుకుని చదువుకోండి.

మా ఆవిడ జంతుశాస్త్రం చదివి, అది చాలక బొమ్మలు వేయడం కూడా చదివింది. ఆ రెండు చదువుల మధ్య నలిగింది నా పొట్ట. ఈ దీవిలోని డెలానీపూర్‌లో మా క్వార్టర్‌కి వచ్చిన ప్రతి చేపా ముందు మోడల్, తర్వాతే కూర. ఒక్కో పొలుసూ లెక్కపెట్టి వేసేది. పొలుసులయ్యాకే పులుసు. ఈలోగా నానబెట్టిన చింతపండుకి మొలకలొచ్చి, చెట్టయి, కాయలు కాసేవి. పైగా కన్ను వేయడానికి అదే జాతి చేప ఇంకోటి, బతికున్నది కావాలి.

"చచ్చాక కన్ను తెల్లబడిపోతుందండీ. చూడకుండా వేస్తే అది చేప కాదు, క్యాలెండరు బొమ్మ," అనేది.

జబ్బుతో మంచం పట్టాక వేసిన చివరి బొమ్మ, చిలక ముక్కులాంటి మూతి ఉన్న పచ్చటి చేప. ఒళ్లంతా పూర్తయింది, కన్ను మిగిలింది. పక్కింటి శ్రీకాకుళం కుర్రాడు, వేటకెళ్లేవాడు, మిన్నీ బే నుంచి అలాంటి చేపనే బకెట్‌లో బతికించి తెచ్చాడు. దూడంత చేప!

"దీదీ, బేగి లెగు. దారంతా నా మొకమే సూత్తా వచ్చినాడు. ఫొటో దిగడానికి తయారైపోనాడు ఈడు!"

ఆవిడ కుంచె పట్టుకుంది. చేపని చాలాసేపు చూసి, కుంచె పక్కన పెట్టేసింది.

"మరి కన్ను ఎప్పుడు?" అన్నాను.

"కల్," అంది నవ్వుతూ.

ఈ దీవుల్లో మా తెలుగు సగం హిందీయే. కల్ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. దాని తర్వాత వేశాను అని వస్తే నిన్న, వేస్తాను అని వస్తే రేపు. ఆవిడ కల్ తర్వాత ఏ మాటా కలపలేదు. నేను రేపనుకున్నాను. చేపని పోనివ్వకుండా టబ్బులో సముద్రం నీళ్లు పోయించి, గాలిబుడగల మోటారు పెట్టించాను.

తెల్లారేసరికి బతికున్నది చేపే.

తర్వాత ఆ కుర్రాడే దాన్ని తీసుకెళ్లి వదిలేశాడు. బొమ్మ మా గోడ మీదుంది. వచ్చినవాళ్లు కన్నేదీ అంటారు. కల్ అంటాను.

చేప దూడంత లేదు, మూరెడే. చింతపండు సంగతి మీకే తెలుసు. అవన్నీ పెంచినవి. నేను కల్పించింది మాత్రం ఒక్కటే.

కల్ అన్నప్పుడు ఆవిడ నవ్వలేదు.